కొన్న గొట్టం, చెక్కిన చెక్క

తర్జిచ్,
11 ఫిబ్రవరి 1996

ఫోల్తేయ్ పెదనాన్నకు,

మీరూ హెర్మా పెద్దమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. సరిహద్దు కొండకి ఇవతల మేమందరం బాగానే ఉన్నాం. నిన్న మీకు ఫోన్ చేశాను. మీరు "ఎవరూ? ఎవరూ?" అని గట్టిగా అరిచి, "గెర్హార్డ్ లేడు, సోమవారం చెయ్యండి" అని పెట్టేశారు. నలభై ఏళ్ళు తుపాకులు పేల్చి చూసిన చెవులకి నా గొంతు ఏం వినిపిస్తుందిలెండి. గంట ప్రయాణం దూరంలో ఉండి కూడా ఉత్తరం రాస్తున్నది అందుకే.

నేను ఇక్కడి వేట సంఘంలో చేరానని నాన్న చెప్పే ఉంటాడు. సంఘంలో ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే, ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఏడాదిపాటు శిష్యరికం చెయ్యాలి. అంటే జంతువులకని కొండ మీదికి ఉప్పు మొయ్యడం, అడవిలో గుడిసె ఊడవడం, వాళ్ళ జోకులు భరించడం. నేను జోళ్ళ ఫ్యాక్టరీలో తోలు కత్తిరిస్తానని తెలిసినప్పటి నుంచి మా సంఘం పెద్ద త్సేనె కనబడ్డప్పుడల్లా ఒకటే మాట. "ఏమ్మా నేజా, జింకని కొడతావా, దానికి జోళ్ళు కుడతావా?"

మేలో పరీక్ష. పాసైతే సొంత తుపాకీ ఉండాలి. ఇప్పుడు త్సేనెది అరువు తెచ్చుకుని నేర్చుకుంటున్నాను. క్రాన్‌లో దుకాణంలో ఒకటి చూశాను. ఫ్యాక్టరీలో చేసింది. నగిషీ లేదు, మెరుపు లేదు, మూల నిలబెట్టిన గొడుగులా ఉంది. నాకు నచ్చింది. కానీ మన ఇంట్లో తుపాకులు చేసే మనిషి ఉండగా అడక్కుండా కొంటే తప్పుగా ఉంటుంది. చెప్పండి పెదనాన్నా, మొదటి తుపాకీ కొనడం మేలా, చేయించడం మేలా? ఒక్క మాట ముందే చెబుతున్నాను. ఇది మన ఇంటిపేరు చూసి వచ్చినట్టు కాకుండా, నాది అని చెప్పుకునేలా ఉండాలని ఉంది.

నాన్న తేనెటీగల పెట్టెలకి కొత్త రంగు వేస్తున్నాడు. మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు.

మీ నేజ

*

బొరోవ్లే,
25 ఫిబ్రవరి 1996

నేజా తల్లీ,

ఆ ఫోన్ నువ్వా? గెర్హార్డ్ కోసం ఎవరో ఆడమనిషి ఏడుస్తోందనుకుని, మా అల్లుడి మీద అనుమానంతో రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. హెర్మా చదివి నవ్వింది.

నీ ప్రశ్నకి వస్తాను. ఫ్యాక్టరీ తుపాకీ చెడ్డదని నేననను. నిజం చెప్పాలంటే గొట్టం తొలవడంలో మాకంటే యంత్రమే నయం, ఈ మాట గెర్హార్డ్ చెవిన వెయ్యకు. అయితే అది సగటు మగాడి కోసం చేసింది. ఇన్నేళ్ళ పనిలో ఆ సగటు మగాడు మా గుమ్మం ఎక్కగా నేను చూడలేదు. ఒకడి మెడ పొడుగు, ఒకడి చెయ్యి పొట్టి, ఒకడికి ఎడమకంటికే గురి అందుతుంది. కొన్న తుపాకీకి మనిషి లొంగాలి. చేసిన తుపాకీ మనిషికి లొంగుతుంది. చెంపకి ఆనించి కళ్ళు తెరిస్తే గురి అక్కడ ఉండాలి, వెతుక్కోకూడదు.

ఇంకో సంగతి. నా కుడికన్ను మసకబారింది. డాక్టరు చూసి మందు లేదన్నాడు, చలికాలానికి సన్నపని మానెయ్యమన్నాడు. అంటే నా చేతుల్లో ఇంకొక్క తుపాకీ మిగిలి ఉంది. అది ఏ దొరవారి కోటలోనో గోడకి వేలాడడం నాకిష్టం లేదు. నువ్వు అడిగిన రోజే, పెట్టెలో దాచిన గొట్టం ఒకటీ, పదిహేనేళ్ళు ఆరిన అక్రోటు చెక్క ఒకటీ తీసి బల్ల మీద పెట్టాను.

కొనకు. ఇక్కడ చేస్తాం. ఈస్టర్‌కి రా, కొలతలు కావాలి. హెర్మా ఎండుద్రాక్ష రొట్టె చేస్తానంటోంది.

నీ పెదనాన్న
ఫోల్తేయ్

*

తర్జిచ్,
17 మార్చి 1996

పెదనాన్నకు,

మీ కంటి సంగతి చదివి మనసు పాడైంది. నాన్న కూడా చదివాడు. ఇంకో డాక్టరుకి చూపించండి. మీరు సరేనంటే లుబ్లియానాలో నేను కనుక్కుంటాను.

తుపాకీ సంగతి రాయడానికి వారం ఆలోచించాను. మీరు చేస్తామన్నారు, సంతోషం. కానీ గెర్హార్డ్‌కి వచ్చే ఏడాది దాకా పని చేతినిండా ఉందని మీరే పోయిన క్రిస్మస్‌కి అన్నారు. మీ దగ్గర చేయించుకునేవాళ్ళు కారుకి డ్రైవరున్నవాళ్ళు. అలాంటి తుపాకీ భుజాన వేసుకుని నేను తర్జిచ్ వీధిలో నడిస్తే త్సేనె ఏమంటాడో నాకు తెలుసు. "బయట పల్లకీ మోత" అంటాడు. మొన్న ఒకాయన అననే అన్నాడు, "మీ పెదనాన్న తుపాకీ వస్తే జింకలు వాటంతట అవే పడిపోతాయిలే" అని.

నేను రోజూ రెడీమేడ్ జోళ్ళకి తోలు కత్తిరించే మనిషిని. అవి ఎవరి కాలికీ కొలిచి చేసినవి కావు. అయినా జనం వాటితోనే పెళ్ళిళ్ళకీ వెళ్తున్నారు, కొండలూ ఎక్కుతున్నారు. వారం కరుస్తాయి, తరవాత కాలికి అలవాటవుతాయి. కరిచిన వారమే ఆ జోడుని నీది చేస్తుందని మా ఫ్యాక్టరీలో అంటారు. అన్నీ మీరే చేసి నా చేతికిస్తే అది మంచి తుపాకీయే అవుతుంది. కానీ దాన్ని నాది అని ఎలా అనను?

ఈస్టర్‌కి రాలేనేమో. పరీక్షకి చదవాలి. కోపగించకండి.

మీ నేజ

*

బొరోవ్లే,
14 ఏప్రిల్ 1996

నేజకు,

చదివాను. హెర్మా చేత కూడా చదివించాను, నా కన్ను తప్పు చదివిందేమోనని. కన్ను సరిగానే చదివింది.

రాలేనంటే రాలేనను. దానికి దొరల కార్లూ, డ్రైవర్లూ, జోళ్ళ పురాణం దేనికి? నా పక్కన బల్ల దగ్గర నిలబడటం నీకు నామోషీ అయితే ఆ ముక్కే రాయొచ్చు. ఈ కార్ఖానాలో చాలామంది కుర్రాళ్ళు పని నేర్చుకుని వెళ్ళారు, ఎవరూ నామోషీ పడలేదు. నీ మాట నీది.

కొనుక్కో. కొనేటప్పుడు ఇది చూడు. కళ్ళు మూసుకుని తుపాకీ చెంపకి తీసుకో, తరవాత తెరువు. చూపు గొట్టం మీదుగా తిన్నగా పోతే సరే. పైనుంచో పక్కనుంచో పోతే దుకాణంవాడు ఎంత బాగా మాట్లాడినా కొనకు. ట్రిగ్గర్ గాజుముక్క విరిగినట్టు ఠక్కున పడాలి, లాగినట్టు ఉండకూడదు. గొట్టం మీద, పేల్చి చూసి వేసిన పరీక్ష ముద్ర ఉందో లేదో చూసుకో. అంతే.

రొట్టె హెర్మా చేసింది. నేను తిన్నాను.

ఫోల్తేయ్

*

తర్జిచ్,
19 మే 1996

పెదనాన్నకు,

పరీక్ష పాసయ్యాను. మీరు కొనుక్కోమన్నారని తుపాకీ కూడా కొన్నాను. దుకాణంలో కళ్ళు మూసుకుని చూశాను. తెరిస్తే చూపు కాస్త పైనుంచే పోయింది. మీ మాట గుర్తుంది. అయినా కొన్నాను, ఎందుకంటే దుకాణంలో ఉన్నవన్నీ అలాగే ఉన్నాయి. భుజానికి ఆనే వెనక చెక్క నా చేతికి పొడుగు. పేల్చిన ప్రతిసారీ చెంప మీద కొడుతోంది. అక్కడ కమిలితే త్సేనె చూసి "పుట్టుమచ్చ బాగుంది, మొగుడు దొరుకుతాడు" అన్నాడు. అలవాటవుతుందని నేనే రాశాను కదా. కరుస్తోంది పెదనాన్నా, అలవాటు కావడం లేదు.

ఉత్తరం దీనికోసం కాదు. పోయిన ఆదివారం భోజనాల దగ్గర నాన్న అడిగాడు.

"అన్నయ్య పనిలోకి పిలిస్తే వెళ్ళలేదేంటి నువ్వు?"

"పనిలోకి ఎక్కడ పిలిచారు? చేస్తాం అన్నారు. ఆయనా గెర్హార్డూ కార్ఖానావాళ్ళూ కలిసి."

నాన్న చెంచా కింద పెట్టాడు. "ఓసి పిచ్చిదానా. మా అన్నయ్యకి ద్వివచనం పోయి ఎన్నేళ్ళయిందో. కిందటేడు ఇక్కడికొచ్చి 'రేపు తేనె తీస్తాం' అంటే, ఊరంతా వస్తుందేమోనని మీ అమ్మ పెద్ద గిన్నెడు చారు కాచింది. తీరా చూస్తే నేనూ ఆయనే."

మన భాషలో 'చేస్తాం' అనడానికి ఇద్దరైతే ఒక రూపం, ముగ్గురి నుంచి ఇంకో రూపం. చిన్నపిల్లలు కూడా తప్పరు. మీ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. మీరు రాసింది ముగ్గురి రూపం. అది చూసే నేను నాకు అందులో చోటు లేదనుకున్నాను. మీ పక్కన నిలబడటానికి నేను నామోషీ పడ్డానని మీరు రాసినప్పుడు ఏమీ అర్థం కాక ఒక రోజంతా ఏడ్చాను. మీరు నన్ను ఎప్పుడు పిలిచారో నాకు తెలియదు మరి.

అందుకని సూటిగా అడుగుతున్నాను. ఆ "చేస్తాం"లో ఎంతమంది?

మీ నేజ

*

బొరోవ్లే,
2 జూన్ 1996

తల్లీ,

ఇద్దరు. నువ్వూ నేనూ.

ఈ ఉత్తరం రాయడానికి కూర్చుని ఇప్పటికి మూడు కాగితాలు చింపాను. ఊరి పలక మీద జర్మన్‌తో పాటు మన భాషలో కూడా పేరుండాలని ఈ ఊళ్ళో గొంతు చించుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. దానికి నా మీద ఉమ్మినవాళ్ళున్నారు. అలాంటివాణ్ణి, పగలంతా కార్ఖానాలో జర్మన్ మాట్లాడి మాట్లాడి, ఇద్దరికి వాడే మాట ఎప్పుడు జారవిడుచుకున్నానో నాకే తెలియలేదు. ఆ భాషలో ఇద్దరైనా ఇరవైమందైనా ఒకటే. హెర్మాని అడిగాను, "నాకు ద్వివచనం పోయిందా?" అని. "పెళ్ళైన కొత్తలో ఉండేది" అంది. మింగలేను, కక్కలేను.

ఇంకో చెడ్డ కబురు కూడా చెప్పాలి. మార్చిలో నీ ఉత్తరం చూసి అలిగి, ఆ గొట్టమూ మిగతా ఇనప సామానూ గెర్హార్డ్‌కి ఇచ్చేశాను. అతను వాటితో ఎవరికో తుపాకీ మొదలుపెట్టాడు, సగం అయింది. తిరిగి అడగడానికి నాకు మొహం లేదు. కాబట్టి మనం చెయ్యడానికి తుపాకీ లేదు. ముసలితనంలో అలక ఎంత దండగో నీకు తెలియాలని రాస్తున్నాను.

అక్రోటు చెక్క మాత్రం ఉంది. అందులో ఒక ముడి ఉందని గెర్హార్డ్ వద్దన్నాడు. నీ ఫ్యాక్టరీ తుపాకీ పట్టుకురా. వెనక చెక్క తీసేసి, నీ చేతికీ చెంపకీ సరిపడా కొత్తది చెక్కుకుందాం. చెక్క ఒక్కటి మార్చడాన్ని నేను తుపాకీ చెయ్యడం అనను. మునుపు ఎవరైనా అడిగితే వడ్రంగి దగ్గరికి పొమ్మనేవాణ్ణి. ఇప్పుడు నేనే అడుగుతున్నాను.

సరిహద్దు దాటించడానికి రెండు దేశాల కాగితాలూ కావాలి, వెంటనే పెట్టుకో. కన్ను రోజురోజుకీ మారుతోంది. ఈసారి సరిగ్గా రాశానో లేదో మీ నాన్నకి చూపించు.

నీ పెదనాన్న

*

తర్జిచ్,
1 సెప్టెంబర్ 1996

పెదనాన్నకు,

మీ దగ్గర్నుంచి క్షేమంగా చేరాను. ల్యూబెల్ సొరంగం దగ్గర సరిహద్దు పోలీసు కాగితాలన్నీ చూసి, తుపాకీని ఇటూ అటూ తిప్పి, "చెక్క ఒక దేశానిది, ఇనుము ఒక దేశానిది" అని నవ్వి వదిలేశాడు.

మీ ఎదురుగా అనలేనివి ఇక్కడ రాస్తాను. ఆ రెండో రోజు సంగతి. ఇనుముకి దీపం మసి పూసి చెక్కలో కూర్చోబెట్టి తీస్తే, ఎక్కడ మసి అంటిందో అక్కడే చెక్కాలని నేర్పారు. మీరు తీసి కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. నల్ల చెక్క మీద నల్ల మసి మీకు కనబడలేదు. అయినా ఉలి పెట్టారు. అది చెక్క పక్కని చీల్చుకుని బయటికొచ్చింది. మీరు ఉలి బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్ళి చిక్కుడు పందిరి ముందు నిలబడ్డారు. నేను వెనక వచ్చి "ఇంక ఆపుదాం పెదనాన్నా" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను క్షమించండి. మీ మీద జాలితో అన్నాను. మీకు జాలి పనికిరాదని తరవాత తెలిసింది.

మీరు తిరిగొచ్చి, "మసి ఎక్కడుందో నువ్వు చూడు. వేలు పెట్టి చూపించు, నేను చెక్కుతాను" అన్నారు. అప్పటి నుంచి వారమంతా అలాగే సాగింది. నేను వేలు పెట్టేదాన్ని, మీ బొటనవేలు తడుముకుంటూ నా గోరు దాకా వచ్చేది, నేను తీసేదాన్ని, ఉలి దిగేది. ఒక్కసారి కూడా నా వేలు తెగలేదు. నా జన్మలో అంత నిశ్శబ్దంగా, అంత సంతోషంగా ఎవరితోనూ పని చెయ్యలేదు.

ఒక్కటే బాధ. మీరు చేసినవాటన్నిటికీ అడుగున మీ పేరు ఉంటుంది. దీని మీద వెయ్యలేదు. నేను అడిగితే వినబడనట్టు ఊరుకున్నారు. ఆ చీలిక మూలంగా మీకు ఇది సిగ్గుగా ఉందా? అదే అయితే చెప్పండి, ఎవరు చేశారో నేను ఎవరికీ చెప్పను. చీలికలో లక్కముక్క కూరి పూడ్చమంటారా?

నాన్న తేనె పంపుతున్నాడు.

మీ నేజ

*

బొరోవ్లే,
15 సెప్టెంబర్ 1996

నేజా తల్లీ,

అక్షరాలు పెద్దవి చేశాను, అందుకని మాటలు తక్కువ.

నువ్వు అడిగింది నిజంగానే వినబడలేదు. కిటికీ వైపు తిరిగి అడిగి ఉంటావు.

సిగ్గు కాదు. మా పనివాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. గొట్టం దగ్గర నుంచి తానే చేసినదాని మీదే పనివాడు పేరు వెయ్యాలి. ఆ గొట్టం నాది కాదు, ఫ్యాక్టరీది. పేరు వేస్తే అబద్ధమవుతుంది. నా పేరు లేకపోతే ఏం, అది నీ చెంపకి సరిపోయింది. ఎవరు చేశారని అడిగితే నీ ఇష్టం వచ్చినట్టు చెప్పుకో.

చీలిక పూడ్చకు. లక్క చలికి రాలిపోతుంది. అవిసెనూనె రాస్తూ ఉండు.

నేను బల్ల వదిలేశాను. పోయిన వారం గెర్హార్డ్ దాని మీద అట్టపెట్టెలు పెట్టుకోవచ్చా అని అడిగాడు, పెట్టుకోమన్నాను. మంచి కుర్రాడే, అడిగాడు. అప్పటి నుంచి పొద్దున లేచి ఎటు నడవాలో తెలియడం లేదు. ఏడుపొస్తోంది. నీకు రాయడానికి మొహమాటం లేదు కాబట్టి రాస్తున్నాను.

మీ సంఘంలో కొండమేక వేటకి నీ వంతు ఎప్పుడొస్తుంది?

నీ పెదనాన్న

*

తర్జిచ్,
27 అక్టోబర్ 1996

పెదనాన్నకు,

మీకు చదవడం తేలిగ్గా ఉండాలని నేనూ పెద్ద అక్షరాలే రాస్తున్నాను. కష్టమైతే పెద్దమ్మ చేత చదివించుకోండి.

నా వంతు వచ్చింది. నిన్న పొద్దున త్సేనెతో కలిసి పైకెళ్ళాను. మొదటి వేటకి పెద్దవాడు ఒకడు వెంట ఉండాలి కదా. రాళ్ళ పైన ముసలి కొండమేకపోతు, ఒంటరిది, వెనక కాలు ఈడుస్తోంది. త్సేనె దుర్భిణిలో చూసి "అదే" అన్నాడు. తుపాకీ చెంపకి తీసుకున్నాను. గురి అక్కడే ఉంది, వెతుక్కోలేదు. ఒక్కటే పేల్చాను. అది నిలబడ్డ చోటనే పడింది. దగ్గరికి వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. సంతోషమని గానీ దుఃఖమని గానీ చెప్పలేను. త్సేనె కూడా జోళ్ళ జోకు వెయ్యలేదు.

తరవాత ఆయన స్ప్రూస్ చెట్టు కొమ్మ విరిచి ఒకటి దాని నోట్లో పెట్టాడు, ఆఖరి ముద్దగా. తన టోపీ తీసి, ఇంకొకటి దాని మీద పెట్టి, నా టోపీకి పెట్టుకోమని నాకు అందించాడు. చెయ్యి కలిపాడు. ఈ పద్ధతి మీకు నాకంటే బాగా తెలుసు. గాయపడ్డ జంతువు జాడ కుక్కతో తీసినవాడుంటే, వేటాడినవాడు తన కొమ్మలో సగం విరిచి అతనికిస్తాడు. ఎందుకంటే అతను లేకపోతే వేట లేదు.

నేను త్సేనెని అడిగాను. "తుపాకీ చేసినవాడికి సగం ఇవ్వచ్చా?"

ఆయన తల గోక్కున్నాడు. "ఎవరూ ఇవ్వగా చూళ్ళేదే. ఇవ్వాలని ఎక్కడా లేదు." కొంచెం దూరం దిగాక ఆగి, "ఇవ్వకూడదని కూడా లేదు" అన్నాడు.

అందుకని ఈ కవరులో పెట్టాను. ఆకులు కొన్ని రాలుతాయేమో. ఇది మీ వాటా.

మీ నేజ

*

బొరోవ్లే,
10 నవంబర్ 1996

నేజా తల్లీ,

అందింది. ఆకులు రాలలేదు. వాసన కూడా ఉంది.

ఈ ఊళ్ళో ఇంటికొకడు తుపాకులు చేసేవాడే. మా తుపాకులతో వేటాడినవాళ్ళు కొమ్మ పెట్టుకున్న టోపీలతో కార్ఖానాకి వచ్చేవాళ్ళు, ఫోటోలు పంపేవాళ్ళు. మాలో ఒకడికి ఎవరైనా కొమ్మ ఇవ్వడం నేను వినలేదు. మాకెందుకిస్తారు, మేం కొండ ఎక్కలేదు కదా అనుకునేవాళ్ళం.

ఆదివారం దాన్ని టోపీకి పెట్టుకుని చర్చికెళ్ళాను. కొమ్మ కుడివైపు ఉండాలి. నాకు ఆ వైపు కనబడదు, అందుకని హెర్మా పెట్టింది. ఉందో లేదో దారి పొడుగునా చేత్తో తడిమి చూసుకుంటూ నడిచాను. మెట్ల మీద నాతో పని చేసిన మార్టిన్ పట్టుకున్నాడు.

"ఏం కొట్టావోయ్ ఫోల్తేయ్, కళ్ళు లేకుండా?" అన్నాడు.

"కొట్టలేదు. చెక్క చెక్కాను" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. నీ ఉత్తరం తీసి ఇచ్చాను. మెట్ల మీదే నిలబడి చదివాడు. చదివి మడిచి నా జేబులో పెట్టి, తన టోపీ తీశాడు.

ఇంటికొచ్చాను. టోపీ తియ్యలేదు. హెర్మా చూసింది, చారు వడ్డించింది. టోపీతోనే తిన్నాను.

నీ పెదనాన్న
ఫోల్తేయ్